ఎటు నుంచి ఒకటి

బోల్టులు వదిలితే తిరుగుతుంది. బిగిస్తే తిరగదు. ఇరవై రెండేళ్లుగా ఇంజన్లు విప్పి కడుతున్నాను గానీ, ఇంత సిగ్గులేని ఇంజన్ని ఎక్కడా చూడలేదు.

నా పేరు రఘుపతి. కేతేపల్లిలో హైవే పక్కన లారీల షెడ్డు నాది. నాకు కోపం ఎక్కువని నలుగురూ అంటారు. అనేవాళ్లు నెల రోజులు నా షెడ్డులో పనిచేసి, ఆ తర్వాత అంటే బాగుంటుంది.

తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలం అది. బాలయ్య కాక తన లారీని ఇంకో లారీకి తాడుతో కట్టి నా దగ్గరికి లాక్కొచ్చాడు. ఆయనది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. అరవై దాటిన రైతు. రెండేళ్లు వరసగా పత్తి ఎండిపోయేసరికి పాత లారీ కొని, వెనకాల ట్యాంకు కట్టించి, దేవరకొండ రోడ్డు నుంచి కృష్ణ నీళ్లు పట్టుకొచ్చి ఊరికి పోస్తున్నాడు. వాళ్ల ఊరి బోరు నీళ్ల నిండా ఫ్లోరైడు. ఆ నీళ్లు తాగి పెరిగినవాడు గనక ఎముకలు బిగుసుకుపోయి ఆయన మెడ పక్కకు తిరగదు. మనల్ని చూడాలంటే మనిషంతా తిరగాలి.

లారీకున్నది నాలుగు సిలిండర్ల ఇంజను. నిండు ట్యాంకుతో ఊరి ముందున్న గుట్ట ఎక్కలేదని ఇన్నాళ్లూ సగం ట్యాంకే తెచ్చేవాడట. చివరికి ఎండకు కాగి కాగి ఇంజను ఒళ్లయిన బ్లాకు కూడా పగిలింది.

"ఆరు సిలిండర్లది ఎక్కియ్యి రఘుపతీ. నిండు ట్యాంకుతోని గుట్ట ఎక్కాలె. వారం రోజులల్ల అయితదా?"

"వారమెందుకు కాకా, అయిదు రోజులు చాలు" అన్నాను. ఆ మాట అన్న నోటిని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను.

చిన్న లారీలో పెద్ద ఇంజను పెట్టడం నాకు కొట్టిన పిండి. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి గనక ఇంజను పొడుగు ఎక్కువ. రేడియేటర్‌ని జానెడు ముందుకు జరపాలి, ఇంజను కూర్చునే దిమ్మెలు కోసి కొత్తగా వెల్డింగు పెట్టాలి, గేర్‌బాక్సుకు తగ్గట్టు వెనక షాఫ్టు కురచ చేయించాలి. అవన్నీ మూడు రోజుల్లో ముగించాను. లారీ మూతి ముందుకు పొడుచుకొచ్చి కొంచెం అలిగినట్టు కనబడుతోంది, అంతే. ఇంజను మార్పు కాగితాలు బాలయ్యే ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్నాడు.

చిక్కంతా ఇంజనుతోనే వచ్చింది. అది ఒక పాత బస్సుది. తుక్కు దుకాణంవాడు దాన్ని నిలువునా విప్పేసి, బ్లాకు విడిగా, క్రాంకు విడిగా, మిగతా సామానంతా మూడు గోనె సంచుల్లో పోసి పంపాడు.

క్రాంకు అంటే ఇంజను వెన్నెముక. బ్లాకును తలకిందులుగా పెట్టి, దాని గాడిలో క్రాంకును పడుకోబెట్టి, పైనుంచి ఏడు ఇనుప మూతలు వేసి బోల్టులు బిగిస్తాం. అటు చివరిది, ఇటు చివరిది వేరే ఆకారం. ఎక్కడివో చూడగానే తెలుస్తుంది. మధ్యలో ఉండే అయిదూ ఒక్క తీరుగా ఉంటాయి. అయినా ఏది ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చోవాలి. వెంట్రుకంత తేడా ఉన్నా క్రాంకును గొంతు పట్టుకున్నట్టు పట్టుకుంటాయి.

కంపెనీవాడు కొట్టిన అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా నేను భయపడలేదు. ఆ అయిదు మూతల మీద ఎవరో పంచితో, అంటే సుత్తితో కొట్టే ఉక్కు మొనతో, చుక్కలు కొట్టి ఉంచారు. ఒక దాని మీద ఒక చుక్క, ఇంకో దాని మీద రెండు, అట్లా అయిదు దాకా. డీజిల్‌తో కడిగి దగ్గరగా చూశాను. ప్రతి చుక్కకూ ఒక పక్కన చిన్న తోక ఉంది. మొన చిట్లిన పంచితో కొడితే అట్లా వస్తుంది.

ఆ పంచి మొన చిట్లగొట్టింది నేనే. అది ఐలేశం ఉస్తాద్ పంచి.

ఉస్తాద్‌ది తిరుమలగిరి. పద్మశాలీల ఇంట్లో పుట్టి, మగ్గం మీద పెరిగి, దాంతో ఇల్లు గడవక సూర్యాపేటలో లారీల షెడ్డు పెట్టాడు. పదహారేళ్లప్పుడు నేను అక్కడ చేరాను. నాలుగేళ్లు చేశాను. నాలుగేళ్లూ సామాను కడగడం, టైర్లు విప్పడం, కమాన్ పట్టీలు మార్చడం. ఇంజను విప్పే రోజు వస్తే చాలు, నన్ను ఏదో ఒక పని చెప్పి బయటికి తోలేవాడు. ఒకరోజు నాకు తిక్క లేచి, చేతిలో ఉన్న పంచిని సిమెంటు నేలకేసి కొట్టి, చెప్పులేసుకొని వచ్చేశాను. తర్వాత బస్సుల వర్క్‌షాపులో కుదురుకొని ఇంజను పని అక్కడ నేర్చుకున్నాను. ఉస్తాద్ మొహం మళ్లీ చూడలేదు. నన్ను ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే ఆయన పేరు చెప్పలేదు.

ఆ విరిగిన పంచినే ఆయన తర్వాత కూడా వాడుతూ వచ్చాడన్నమాట. కొత్తది కొనుక్కోవడానికి ఏం రోగమో అనుకున్నాను. కానీ మనసులో కొంచెం కలుక్కుమంది.

ఎన్ని ఉన్నా ఉస్తాద్ పని మీద నాకు అనుమానం లేదు. రేడియేటర్ దిక్కు నుంచి మొదలుపెట్టి ఒక చుక్కది, రెండు చుక్కలది, మూడు చుక్కలది అని వరసగా మూతలు పెట్టుకుంటూ పోయాను. బోల్టులన్నీ బిగించి క్రాంకు తిప్పబోతే అది కదల్లేదు.

బోల్టులు వదిలాను. తిరిగింది. మళ్లీ బిగించాను. రాయిలా ఆగిపోయింది.

ఒక్కొక్క మూతే బిగించి చూశాను. రెండు చివరలవీ ఏ గొడవా పెట్టలేదు. మధ్యలో ఉన్న మూడు చుక్కలది బిగిస్తే తిరుగుతోంది. మిగతా నాలుగింటిలో దేన్ని బిగించినా పట్టేస్తోంది. ఒకటి మంచిదై నాలుగు దొంగలు ఎట్లా అవుతాయో నాకు అర్థం కాలేదు. క్రాంకు వంగిందనుకొని ఆటోలో వేసుకొని సూర్యాపేటలో వెంకటేశ్ లేత్‌కు పోయాను.

వెంకటేశ్ వంకర చూపించే సూది గేజీ పెట్టి దాన్ని తిప్పి చూసి, "సూది కదుల్తలేదు చూడన్నా, గీతంత వంకర గూడ లేదు" అన్నాడు.

"నీ మిషనే వంకరున్నట్టుంది."

"మిషన్ మంచిగనే ఉంది. నువ్వు జర మంచినీళ్లు తాగు" అన్నాడు.

బేరింగులు తప్పు సైజు అనుకొని కొత్త సెట్టు తెప్పించాను. అదే తంతు. బ్లాకు వంగిందేమోనని దారం పట్టి చూశాను, స్కేలు పెట్టి చూశాను, కిందికి వంగి ఒక కన్ను మూసి చూశాను. అంతా తిన్నగానే ఉంది. తిన్నగా లేనిది నేనొక్కడినే. మూతలు అటుదిటు మార్చి చూద్దామా అని ఒకసారి అనిపించింది. కానీ చుక్కలున్నాయి కదా. చుక్కలున్నాక మార్చేదేముంది? ఆ మనిషితో మాటలు లేకపోవచ్చు, ఆ మనిషి చుక్కను కాదంటే ఇంక దేన్ని నమ్మాలి?

ఆ కోపంలో పానాకు పైపు తొడిగి బోల్టును ఇంకా బిగించాను. అది ఠక్కున తెగి చేతికొచ్చింది. సగం బోల్టు లోపలే ఉండిపోతే దాన్ని బయటికి లాగడానికి ఒక పూటంతా పోయింది.

ఈలోగా బాలయ్య సీసాలు మొదలయ్యాయి. రోజు విడిచి రోజు రెండు బస్సులు మారి వచ్చేవాడు. సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీసి నా బల్ల మీద పెట్టేవాడు.

"గిదేంది కాకా?"

"మా బోరు నీళ్లు. లారీ లేదు గదా, ఊరంత ఇప్పుడు గివే తాగుతున్నరు. నీకు యాదికుండాలెనని తెచ్చిన."

తిట్టేవాడైతే నేనూ తిట్టేవాణ్ణి. ఆయన తిట్టడు. ముక్కాలిపీట మీద కూర్చొని క్రాంకు వైపు చూస్తుంటాడు. మధ్యాహ్నం నా మంచినీళ్ల బబుల్ క్యాన్‌లోంచి గ్లాసులో వంపి ఇస్తే తీసుకోడు. "ఊరోళ్లు అవి తాగంగ నేనొక్కన్ని గివి తాగుతనా" అని తన సంచిలోంచి ఇంకో సీసా తీసి తాగుతాడు. అవి చూడ్డానికి మనం తాగే నీళ్లలానే తేటగా ఉంటాయి. ఆయన మాటల్లో మనవరాలు నిహారిక ఊసు వచ్చేది. ఆ పిల్లకు ఆరేళ్లు. పాలపండ్లు ఊడుతున్నాయి.

"నా కొడుక్కు పండ్లు పసుపు పచ్చగ, గార పట్టినట్టు వచ్చినయి. గీ పిల్లకన్న తెల్లగ రావాలెనని లారీ కొన్న. రెండేండ్ల సంది ఒక్క చుక్క బోరు నీళ్లు తాగనియ్యలే" అన్నాడు ఒకరోజు.

అయిదు రోజులన్నది పద్నాలుగు రోజులైంది. బల్ల మీద ఏడు సీసాలు వరసగా నిలబడ్డాయి. ఇంట్లో నా భార్య సంధ్య, "వేరేటోళ్లని అడిగితె అరిగిపోతవా?" అంది. అడిగితే అరిగిపోననీ, ఎవర్ని అడగాలో కూడా నాకు తెలుసనీ ఆమెకు తెలియదు.

ఏడో సీసా పెట్టిన రోజే నాకు నోరు జారింది.

"నీ సీసాలు తీస్కపో కాకా. ఇంజను నా మాట ఇంటలేదు. నేనేం జెయ్యాలె?"

బాలయ్య మనిషంతా తిరిగి నన్ను చూశాడు. "నీ మాట ఇనకుంటె ఇంకెవరి మాటన్న ఇంటదేమో చూడు బిడ్డా" అని, సంచి చంకకు తగిలించుకొని బస్సుకు పోయాడు.

నేను సిగ్గుతోనూ కోపంతోనూ బ్లాకు మీద పడ్డాను. బోల్టు తవ్వినప్పుడు రాలిన ఇనుప రజను నీళ్ల దారుల్లోకి పోయింది. దాన్ని కడగాలి. క్యాన్ ఖాళీ. చెయ్యి చాపితే బాలయ్య సీసా అందింది. మూత తీసి వంపబోయి, ఠక్కున ఆగాను. ఈ నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది, ఇంజన్లో ఇవి పోయకూడదు అని నా చెయ్యే వెనక్కి వచ్చింది.

సీసా పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఇనుముకు పోయడానికి మనసొప్పని నీళ్లు. పద్నాలుగు రోజులుగా ఒక ఆరేళ్ల పిల్ల తాగుతున్న నీళ్లు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒక చుక్క ఉన్న మూతను తువ్వాలులో చుట్టుకొని, షెడ్డుకు తాళం వేసి, సూర్యాపేటలో బస్సు మారి తిరుమలగిరిలో దిగాను.

ఉస్తాద్ షెడ్డు ఎత్తేసి ఊరికి వచ్చి ఏళ్లయిందని లారీలవాళ్లు అనగా విన్నాను. మళ్లీ మగ్గమే వేస్తున్నాడట. ఆయన కోడలు యాదలక్ష్మి వాకిట్లో కూర్చొని కండెలకు దారం చుడుతోంది. "మామా, ఎవరో వచ్చిండ్రు" అని లోపలికి కేకేసింది. మగ్గం చప్పుడు ఆగలేదు. మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చొని ఆయన తువ్వాలు నేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. కళ్లకు మందపాటి అద్దాలు.

ఏమని పిలవాలో తోచక మూత తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు. బొటనవేలితో తడిమాడు.

"తోక చుక్క" అన్నాడు. ఆ తర్వాత తలెత్తాడు. "పంచి పలగ్గొట్టినోనివి గదా నువ్వు."

నేను తలూపాను. ఆయన తిడతాడని చూశాను. ఆయన మూతను ఒళ్లో పెట్టుకొని, "ఏమైంది చెప్పు" అన్నాడు, నేను నిన్ననే పోయి ఇవాళ వచ్చినట్టు.

మొత్తం చెప్పాను. వదిలితే తిరగడం, బిగిస్తే ఆగడం, మధ్యది ఒక్కటే మంచిగా ఉండడం. అది విన్నాక ఆయన పెదవి చివర కొంచెం కదిలింది.

"ఎటు దిక్కు నుంచి పెట్టినవ్?"

"రేడియేటర్ దిక్కు నుంచి ఒకటి."

"రేడియేటర్ కాడ ఎవడన్న కూసుంటడారా?"

నాకు అర్థం కాలేదు. ఈయనకు మతి చలించిందేమోనని కూడా అనిపించింది. ఆయన మెల్లగా గుంతలోంచి లేచి, "నువ్వు కూసో" అన్నాడు.

నలభై రెండేళ్లవాణ్ణి, చొక్కాకు గ్రీజు మరకలతో మగ్గం గుంతలో దిగి కూర్చున్నాను. వాకిట్లోంచి యాదలక్ష్మి వింతగా చూస్తోంది. నా ముందు పోగుల్ని పైకి లేపే కర్రలు నాలుగు, ఒకదాని వెనక ఒకటి వేలాడుతున్నాయి.

"గా కర్రలల్ల ఒకటోది ఏది?"

నా వేలు ఆలోచించకుండానే దగ్గరున్న కర్ర మీదికి పోయింది.

"ఎందుకు?"

"దగ్గరుంది కాబట్టి."

"మనిషి కూసున్న కాడి నుంచే ఒకటి. మా నాయిన మగ్గం మీద నాకు గంతే చెప్పిండు. లారీల మనిషి ఏడ కూసుంటడు? ఇంజను ఎన్క. ఇగ ఒకటి ఆడికెళ్లే."

గుంతలోనే కూర్చుండిపోయాను. అటు నుంచి లెక్కపెడితే నా ఒకటి ఆయనకు అయిదు, నా రెండు ఆయనకు నాలుగు. మూడు మాత్రం ఎటు నుంచి చూసినా మూడే. నాలుగు దొంగలు, ఒక మంచిది.

"లోకమంత రేడియేటర్ కాడికెళ్లి లెక్కపెడ్తది ఉస్తాద్."

"పెడ్తదేమో. నాకు లోకం వచ్చి నేర్పలే. ఇప్పి చూసి నేర్చుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పద్నాలుగు రోజులు, ఒక బోల్టు, ఒక బేరింగుల సెట్టు, ఏడు సీసాలు. అన్నీ కలిసి ఇరవై రెండేళ్ల నాటి ప్రశ్న నోట్లోకి తెచ్చాయి.

"నాలుగేండ్లున్న నీ కాడ. ఇంజన్ల ఒక్కనాడన్న చెయ్యి పెట్టనియ్యలే. పెట్టనిస్తె గీ ముచ్చట నాకు అప్పుడే ఎరుకయితుండె."

ఆయన అద్దాలు తీసి తువ్వాలు అంచుతో తుడుచుకున్నాడు. "నీకు కోపమెక్కువుండె. బోల్టు బిగిచ్చే చెయ్యి మెత్తగుండాలె. జర సల్లబడినంక నేర్పుదామనుకున్న. నువ్వు కోపంతోనే పోతివి." అద్దాలు మళ్లీ పెట్టుకొని, "గీ ఇంజన్ల ఏమన్న తెగ్గొట్టినవా?" అని అడిగాడు.

"ఒక్క బోల్టు" అన్నాను.

"ఒక్కటే గదా. మంచిగయినవ్" అన్నాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. యాదలక్ష్మి చాయ్ తెచ్చింది. నేను లేచేసరికి ఆయన మళ్లీ గుంతలో దిగి నాడె విసురుతున్నాడు.

మర్నాడు పొద్దున మూతల వరస తిప్పి, గేర్‌బాక్సు దిక్కు నుంచి ఒకటి, రెండు అని పెట్టాను. పైపు తొడగలేదు. మెత్తగా, ఒక్కొక్క బోల్టూ కొంచెం కొంచెంగా బిగించాను. అన్నీ అయ్యాక క్రాంకును రెండు వేళ్లతో తిప్పితే నూనెలో తిరిగినట్టు తిరిగింది. ఉలి తీసుకొని బ్లాకు అంచున డ్రైవరు సీటు వైపు చూపిస్తూ ఒక బాణం గీశాను. రేపు దీన్ని విప్పేవాడు ఎవడైనా, వాడికి ఉస్తాద్ ఇంటి దారి తెలియదు కదా.

మూడు రోజుల్లో ఇంజను లారీలో కూర్చుంది. మొదటిసారికే అందుకుంది. చుక్కల సంగతీ ఉస్తాద్ సంగతీ బాలయ్యకు చెప్పాను. బాలయ్య పక్కన నిలబడి మనిషంతా ఇంజను వైపు తిరిగి విన్నాడు. స్టీరింగు ముందు కూర్చొని, లారీ పక్క అద్దాలు సర్దుకొని, హైవే మీదికి ఎక్కించాడు. సీసాలు నా బల్ల మీదే ఉండిపోయాయి.

ఒక రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం తలెత్తి చూస్తే బస్సు దిగి బాలయ్య వస్తున్నాడు. లారీ లేదు. చంకన అదే సంచి. మళ్లీ పట్టేసిందనుకున్నాను. ఆయన సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన ఇంకొకటి పెట్టాడు.

"గుట్ట ఎక్కిందా కాకా?" అన్నాను.

"నిండు ట్యాంకుతోని ఎక్కింది. కొడుకు నడుపుతుండు ఇయ్యాల. గివి గా లారీల తెచ్చిన కృష్ణ నీళ్లే." ఒక సీసా నా ముందుకు జరిపాడు. "ఇది నీకు. అది నీ చుక్కలాయనకు. ఆయనకు ఇచ్చే పని నీదే."

నా సీసా మూత తీసి అక్కడే తాగాను. బాలయ్య నేను తాగేది చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా క్యాన్‌లోంచి గ్లాసులో వంపుకొని ఆయన కూడా తాగాడు.

రెండో సీసా ఒళ్లో పెట్టుకొని తిరుమలగిరి బస్సులో కూర్చున్నాను. కిందటిసారి ఏమనాలో ఆలోచించే పని లేకపోయింది. చేతిలో చిక్కు పడిన సామాను ఉంది. ఈసారి నా దగ్గర చిక్కుపడిందేదీ లేదు. తప్పయిందని అనాలా? నా ఉస్తాద్‌వి నువ్వేనని ఇకమీదట అందరికీ చెప్తానని అనాలా? ఆ పంచి ఇంకా ఉందా అని అడగాలా? బస్సు దిగేదాకా ఏదీ తేలలేదు.

యాదలక్ష్మి నన్ను చూసి కేకేయలేదు, లోపలికి పొమ్మన్నట్టు తలూపింది. ఉస్తాద్ నా అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు.

"ఏమైంది? మళ్ల పట్టేసిందా?"

"లేదు ఉస్తాద్. మంచిగ తిరుగుతాంది."

మగ్గం ఆగింది. "మరెందుకొచ్చినవ్ రా?"

గుంత పక్కన కింద కూర్చొని, సీసా ఆయన చేతికి అందించాను.

"నీళ్లు తెచ్చిన" అన్నాను.